ఎండుటాకుల చుట్టూ గీత

ఈమధ్య అటవీశాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు తార్నాకలో మా ఇంటికి వచ్చారు. రిటైరైన రేంజ్ ఆఫీసరమ్మ దగ్గర నాలుగు మాటలు విని రమ్మని ఎవరో పంపించారట. టీ తాగి, బిస్కట్లు అయిపోయేదాకా మర్యాదగా కూర్చుని, ఆఖరికి అడగాల్సింది అడిగారు. ‘‘మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని మంట ఏది?’’

నల్లమల కొండలు ఎక్కిస్తానని ఆశపడి ఉంటారు. ఎక్కించగలను కూడా. వెదురు కణుపులు పేలుతుంటే, ఒక కొండ ఆరేలోపల పక్క కొండ అంటుకుంటుంటే రోజుల తరబడి ఇంటి మొహం చూడకుండా తిరిగినదాన్ని. కానీ నేను బాల్కనీలోకి తీసుకెళ్ళి, దూరంగా కనిపించే యూనివర్సిటీ చెట్లు చూపించాను. ‘‘అదిగో, అక్కడ’’ అన్నాను. వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. పెద్దావిడకు మతి తప్పుతున్నట్టుంది అనుకున్నారేమో కూడా. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం రెండోసారి టీ పెట్టాల్సి వచ్చింది. వాళ్ళకు చెప్పిందే మీకూ రాస్తున్నాను.

ముందుగా మా పని గురించి ఒక్క మాట. అడవి అంటుకుంటే నీళ్ళు పోసి ఆర్పుతారని లోకం అనుకుంటుంది. కొండ మీద నీళ్ళెక్కడివి? నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై ఆఫీసరు ఒకాయన చెప్పిన మాటే నాకు చివరిదాకా పనికొచ్చింది. మంటతో కొట్లాడకు, దానికి తిండి లేకుండా చెయ్యి, అనేవాడు. అడవిలో మంటకు తిండి ఎండుటాకు, ఎండుగడ్డి. కాబట్టి మంట రాకముందే ఆకులన్నీ ఊడ్చి, మట్టి కనిపించేదాకా గీకి, మనిషి అడ్డంగా పడుకుంటే ఎంత పడతాడో అంత వెడల్పున బాట తీస్తాం. కాగితాల్లో దాన్ని ఫైర్ లైన్ అని రాస్తాం. మా వాచర్లు మాత్రం గీత అంటారు. మంట గీత దాకా వస్తుంది, అటూ ఇటూ చూస్తుంది, తినడానికి ఏమీ దొరకక అక్కడే పోతుంది. చెప్పడానికి ఇంత తేలిక.

ఈ గీత మా వాళ్ళకు పని మాత్రమే కాదు, ఒంటికి పట్టిన అలవాటు. ఎండాకాలంలో కొత్త చోట మకాం పెడితే మూటలు విప్పకముందే చుట్టూ గీత గీస్తారు. గీత లేని చోట వాళ్ళకు కంటి మీద కునుకు పడదు. ఈ అలవాటే మమ్మల్ని హైదరాబాదు నడిబొడ్డున ఇరికించింది.

అప్పటికి నేను శిక్షణ విభాగంలో ఉన్నాను. పెద్ద మంటలను ఎలా అదుపు చేయాలో కొత్త సిబ్బందికి, విద్యార్థులకు కలిపి నేర్పాలని యూనివర్సిటీలో ఒక క్యాంపు పెట్టారు. మంట ఎక్కడ లేచిందో ఆకాశంలో తిరిగే ఉపగ్రహం నుంచి సెల్‌ఫోనుకు కబురు ఎలా వస్తుందో చెప్పడానికి చదువుకున్నవాళ్ళు వచ్చారు. ఆ కబురు అందాక పరుగెత్తడం ఎలాగో చూపించడానికి నల్లమలలోని నా పాత రేంజ్ నుంచి ఫైర్ వాచర్ల జట్టును పిలిపించాను. అడవి అంచు పల్లెల వాళ్ళు. వాళ్ళకు పెద్ద ఒక ముసలాయన. ఆయన్ని అందరం పెద్దయ్య అనేవాళ్ళం. పొగ వాసన చూసి కాలుతున్నది గడ్డో ఆకో వెదురో చెప్పేవాడు. మాట తక్కువ, పంతం ఎక్కువ.

క్యాంపస్ వెనకవైపు చెట్ల మధ్య ఉన్న పాత గెస్ట్ హౌస్ మాకు ఇచ్చారు. దాని వెనక తీగ కంచె. కంచె అవతల వేప, కానుగ, రేల చెట్ల తోపు. తోపు దాటితే రాళ్ళు, నడుమెత్తు ఎండుగడ్డి, అది బౌద్ధనగర్ దిక్కుగా కనుచూపు మేర ఉంది. బయట బస్సులు, మెట్రో, జనం. లోపల నెమళ్ళు అరుస్తుంటాయి. సిటీలో అడవి ఉన్నది మేడం, అని మా వాళ్ళు మురిసిపోయారు.

మొదటి పొద్దున నేను లేచేసరికి గెస్ట్ హౌస్ చుట్టూ మూడు దిక్కులా నేల అద్దంలా ఉంది. నాలుగో దిక్కున ఏదో గలాటా వినిపించింది. పళ్ళు తోముకుంటూనే అటు వెళ్ళాను.

కంచెలో సందు చూసుకుని మా వాళ్ళు తోపులోకి దూరారు. ఒక మూల శుభ్రంగా ఊడ్చేశారు. ఊడ్చిన ఆకుల కుప్ప పక్కనే చిన్న చిన్న వల సంచులు పేర్చి పెట్టారు. ఎవరో పారేసిన ప్లాస్టిక్ చెత్త అనుకుని వేరు చేసి పెట్టారట. వాళ్ళ ఎదురుగా ఒక పిల్ల స్కూటీ పడేసి, టిఫిన్ డబ్బా సంచీ భుజానికి వేలాడుతుండగా నిలబడి ఉంది.

‘‘ఏం జేస్తున్నరు గీడ?’’

‘‘చెత్త దీస్తున్నం బిడ్డా’’ అన్నాడు పెద్దయ్య, మెచ్చుకుంటుందన్న నమ్మకంతో.

‘‘గది చెత్త గాదు తాతా. నా పీహెచ్‌డీ.’’

అని నేల మీద కూలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

సంగతి ఏమిటంటే, ఆ పిల్ల వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. జనగామ వైపు రైతు కుటుంబం. రాలిన ఆకు మట్టిగా ఎలా మారుతుంది, ఎంతకాలం పడుతుంది, ఏ పురుగు ఎంత తింటుంది, ఇదీ ఆమె చదువు. ఆకులను తూచి వల సంచుల్లో కుట్టి, ఆ తోపులో నేల మీద పరిచింది. నెలనెలా కొన్ని సంచులు తీసి మళ్ళీ తూస్తుంది. మిగతావి కదలకూడదు. అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. వానాకాలం వచ్చేదాకా ఆగితే పని పూర్తి. ఈలోపల అడవి నుంచి పొరకలతో మేము దిగాం.

యూనివర్సిటీ సెక్యూరిటీ ఆఫీసరు వచ్చాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి, మీసాలే ఒక బెటాలియన్. ‘‘మేడం, మీరు అడవిని కాపాడడానికి వచ్చిన్రా, మా క్యాంపస్‌ను ఊడ్చెయ్యడానికి వచ్చిన్రా?’’ అన్నాడు. సాయంత్రంలోగా క్యాంపు ఎత్తేయమన్నాడు. గాలికి పోయే కంపను తగిలించుకున్నట్టయింది నా పని.

కాళ్ళావేళ్ళా పడ్డాననే అనుకోండి. ఆఖరికి ఆ పిల్లే ఒక షరతు పెట్టింది. ఊడ్చిన ఆకులన్నీ మళ్ళీ పరచాలి. ఆ మూల సంచులు ఎట్లాగూ పోయాయి, మిగతా తోపుకైనా నీడ, తేమ దక్కాలి. ఇంకెప్పుడూ కంచె దగ్గర గీత అనే మాట ఎత్తకూడదు. కంచె బయట గీసుకుంటాం అని బతిమాలితే అదీ వద్దంది. అంచున మట్టి తేలితే ఎండ కొడుతుంది, లోపలి తేమ పోతుంది, లెక్క తప్పుతుంది అంది. మాకు ఎండుటాకు ప్రాణాంతకం, ఆమెకు అదే ప్రాణం. ఉప్పూ నిప్పూ ఒక కంచెకు అటూ ఇటూ ఉన్నట్టుండేది.

మా వాళ్ళు ఆకులు చేతులతో ఎత్తి పరుస్తుంటే ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని చూపించింది. ఇక్కడ పలచగా, అక్కడ ఒత్తుగా, అని. పెద్దయ్య మొహం చూడాలి. ‘‘జిందగీ అంత ఆకులు ఊడ్చిన మేడం. పరిచింది మాత్రం ఇదే మొదలు’’ అన్నాడు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. రాత్రికి మంచం ఎత్తుకెళ్ళి గీత లేని ఆ నాలుగో దిక్కున వేసుకున్నాడు. ఏంది పెద్దయ్యా ఇది, అంటే, ‘‘గీత లేకుంటే గీత కాడ నేనుంట’’ అన్నాడు.

అట్లా మంచం అటు జరగడమే మేలైంది. పొద్దున్నే ఆ పిల్ల వచ్చేసరికి ఆయన కంచె పక్కనే కూర్చుని ఉండేవాడు. మొదట్లో ఇద్దరూ ఒకరినొకరు పట్టించుకోనట్టు నటించారు. తర్వాత ఒకనాడు, ఆ నెల తీయాల్సిన సంచీ ఒకటి విప్పి చూపించిందట. లోపల ఆకు జల్లెడలా అయిపోయి ఈనెలు మిగిలాయి. అడుగున తెల్లని బూజు దారాలు మట్టిలోకి దిగి ఉన్నాయి. ఆయన నా దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘‘మేడం, అగ్గి ఒక్క పూటల తినేదాన్ని పురుగు రెండేండ్లు కూసొని తింటది. తిని మట్టి చేసి పెడ్తది. మనం గింత మంచి మట్టిని ఊడ్చి పారేస్తున్నం’’ అన్నాడు. ఆయన సర్వీసంతా నేను చెప్పిన ఏ పాఠానికీ అంత సంబరపడలేదు. నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

ఆమెకూ ఆయనంటే ఇష్టం కుదిరింది. ఆదివారం మమ్మల్నందరినీ తార్నాకకు చాయ్ తాగించడానికి తీసుకెళ్ళింది. మా జట్టులో బ్లోయర్ మోసేవాడు ఒకడుండేవాడు. బ్లోయర్ అంటే వీపున తగిలించుకుని గొట్టంతో గాలి కొట్టే యంత్రం. పలచటి మంటను వెనక్కి, కాలిన నేల మీదికే నెట్టేయడానికి వాడతాం. మనిషి కొండంత ఉంటాడు, మంటలోకి నడుచుకుంటూ పోతాడు. పొద్దున లాలాగూడ చర్చికి వెళ్ళి ప్రార్థన చేసుకుని వచ్చిన ఆ వీరుడు తార్నాక చౌరస్తా దాటడానికి నా చేయి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని దాటాడు. ‘‘మంటకు ఒక దిక్కన్న ఉంటది మేడం. గీ ఆటోలకు అదీ లేదు’’ అన్నాడు. ఆ పిల్ల నవ్వి నవ్వి చాయ్ ఒలకబోసుకుంది.

ఇట్లా నవ్వుకుంటూ క్యాంపు ఆఖరి రోజుకు వచ్చింది. అదే నేను చెప్పదలచుకున్న రోజు.

ముఖ్య అతిథిగా ఒక పెద్ద ఆఫీసరు వస్తారని కబురు. ఆయన ఎదుట చిన్న మంట వేసి, మా జట్టు దాన్ని ఆర్పి చూపించాలి. షామియానా వేశారు. ఎర్ర తివాచీ పరిచారు. తివాచీ ముందు ఆకుల కుప్ప పోశారు. కుప్ప చుట్టూ పెద్దయ్య ఎంత అందంగా గీత గీశాడో చెప్పలేను. అన్నాళ్ళూ గీత కోసం మొహం వాచినదంతా అక్కడ తీర్చుకున్నాడు. విద్యార్థులు కుర్చీల్లో కూర్చున్నారు. అతిథిగారి కారు తార్నాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. మధ్యాహ్నం ఎండ, పడమటి గాలి.

పెద్దయ్య తల పైకెత్తాడు. ముక్కు ఎగబీల్చాడు. ‘‘మేడం, పొగ’’ అన్నాడు.

‘‘ఇంకా మనం అంటించనే లేదు గదా’’ అన్నాను.

‘‘మనది గాదు. గడ్డి పొగ. మస్తుగ ఉన్నది.’’

గెస్ట్ హౌస్ మేడ మీదికి ఎక్కి చూశాను. బౌద్ధనగర్ దిక్కున గడ్డి మైదానంలో బారుగా మంట లేచింది. ఎట్లా అంటుకుందో ఇప్పటికీ తెలియదు. గాలి దాన్ని తిన్నగా మన వైపే తోలుతోంది. మంటకూ మనకూ మధ్య తోపు ఉంది. తోపులో ఆ పిల్ల సంచులున్నాయి. ఆ సమయానికి ఆమె కూడా అక్కడే ఉంది. ఉపగ్రహం కబురు నా ఫోనుకు వచ్చింది, కాకపోతే అంతా అయిపోయాక వచ్చింది.

ఫైర్ ఇంజన్ల కోసం ఫోన్ చేశాం. త్వరగానే వచ్చాయి కూడా. అయితే ఆ రాళ్ళలోకి బండి దిగదు. అవి హాస్టళ్ళ పక్క రోడ్డు మీద నిలబడి అటువైపు మంట రాకుండా చూసుకున్నాయి. గడ్డి మా పని అయింది.

పెద్ద మంటకు ఎదురు పోకూడదు. తోక దగ్గర పట్టుకుని పక్కల నుంచి నొక్కుకుంటూ రావాలి. ఒకవైపు బ్లోయర్ జట్టును రాతి గుట్ట నుంచి మొదలుపెట్టించాను. రెండోవైపుకు మనుషులు చాలరు. వెనక్కి చూస్తే మీసాల ఆఫీసరు విద్యార్థులను వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో పచ్చి వేప కొమ్మ పెడుతున్నాడు. క్యాంపు ఎత్తేయమన్న మనిషి నాకు సెల్యూట్ కొట్టి, ‘‘ఎటు పోవాలె మేడం, చెప్పున్రి’’ అన్నాడు. కాలిన నేల మీద నిలబడే కొట్టాలి, కాలని గడ్డిలో అడుగు పెట్టకూడదు, అని ఒక్క మాట చెప్పి పంపాను. క్లాసులో నిద్రపోయిన కుర్రాళ్ళు కూడా ఆ మాట మాత్రం తు చ తప్పకుండా పాటించారు.

నేను, పెద్దయ్య, మరి కొందరు తోపు దగ్గరికి ఉరికాం.

‘‘సంచులు ఏరుకొని బయటికి నడువ్’’ అన్నాను ఆ పిల్లతో.

‘‘తియ్యను మేడం.’’ ఆమె సంచులకు అడ్డంగా నిలబడింది. ‘‘ఒక్కపారి లేపితే కిందికి దిగిన దారాలు తెగుతయి. ఇగ లెక్కకు రావు. అంటుకున్నా పోతయి, లేపినా పోతయి. నేను మల్ల మొదటి నుంచి చెయ్యలేను. మా నాయన ఇప్పటికే అడుగుతున్నడు, ఆకులు తూసుడు ఎప్పుడైపోతది బిడ్డా అని.’’

‘‘అయితే గీత గియ్యనియ్యి. గీత గీసి, దాని అవతలి గడ్డి నేనే తగలబెడతా.’’

‘‘మీరే తగలబెడ్తరా?’’

‘‘నేనే. వచ్చే మంటకు ఇక్కడ తిండి ఉండొద్దు. దాని తిండి ముందే మనం కాల్చేస్తే అది ఇక్కడిదాకా వచ్చి ఆకలితో పోతది.’’

ఆమె ఒకసారి మంట వైపు, ఒకసారి సంచుల వైపు చూసింది. పెద్దయ్య చేతిలోంచి ఆకులూ గడ్డీ గీకే పళ్ళ దంతె లాక్కుంది. ‘‘ఏడికెళ్లి గియ్యాలె తాతా, చెప్పు’’ అంది.

రైతు బిడ్డ కదా, గీకుతుంటే మట్టి ఎగిరింది. పెద్దయ్య ముందు నడుస్తూ కాలితో చూపిస్తుంటే ఆమె వెనకే దంతెతో వచ్చింది. మిగతావాళ్ళు గడ్డి పీకి అవతలికి విసిరారు. తోపు అంచు నుంచి రాళ్ళ దాకా మట్టి బాట తేలింది. అప్పటికి మంట వేడి మొహానికి తగులుతోంది. నెమళ్ళు మా నెత్తుల మీదుగా గెస్ట్ హౌస్ పైకప్పు మీదికి ఎగిరిపోయాయి.

ఇక అసలు ఘట్టం. ఎదురు మంట పెట్టడం. ఇది ముందు పెడితే గాలి దాన్ని మన మీదికే తోలుతుంది, ఆలస్యంగా పెడితే పనికిరాదు. పెద్ద మంట దగ్గరికొచ్చినప్పుడు ఊపిరి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్న గాలిని తన వైపుకు లాగుతుంది. సరిగ్గా ఆ లాగుడు మొదలైనప్పుడు అంటిస్తే మన మంట దాని వైపు పోతుంది. వెనక నుంచి అందరూ పెట్టండి, పెట్టండి అని అరుస్తున్నారు. నేను అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాను. ఇంతమంది ఎదుట అదను తప్పితే ఈ పిల్ల సంచులను నా చేత్తో నేనే కాల్చినదాన్ని అవుతాను.

పెద్దయ్య తోపు అంచున నిలబడ్డ ఆ పిల్ల వైపు చేయి చాచాడు. ‘‘నీ ఆకు ఒకటియ్యి బిడ్డా’’ అన్నాడు.

ఒక్క ఆకును కూడా ముట్టనివ్వని ఆ పిల్ల వంగి ఒక ఎండు వేపరెమ్మ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో నలిపి, పొడిని వేళ్ళ సందుల్లోంచి వదిలాడు. పొడి వచ్చి మా మొహాల మీద పడింది. గాలి ఇంకా ఇటే ఉంది. ‘‘ఆగు మేడం’’ అన్నాడు. ఇంకోటి అడిగాడు, ఇచ్చింది. ఈసారి పొడి తిన్నగా కాళ్ళ మీద పడింది. ‘‘ఆగు.’’ మళ్ళీ చేయి చాచాడు. ఈసారి ఆయన నోరు తెరిచి అడగకముందే ఆమె గుప్పెడు తీసి పెట్టింది. ఆయన వదిలిన పొడి నేల మీద పడకుండా మెల్లగా మంట వైపు పోయింది.

‘‘ఇగ పెట్టు.’’

అంటించాను. గీత పొడుగునా గడ్డి భగ్గుమంది. ఒక్క క్షణం మా వైపుకు వంగిందా అనిపించి రెండడుగులు వెనక్కి వేశాను. అంతలో అటు తిరిగింది. తిరిగి, పెద్ద మంట వైపు పరుగు తీసింది. రెండూ ఎదురెదురుగా వచ్చి, కలిసి ఒక్కసారి తాటిచెట్టంత పైకి లేచాయి. ఆ మరుక్షణం కింద తినడానికి ఏమీ లేక చతికిలబడ్డాయి. మిగిలింది నల్లటి నేల, పొగ.

అప్పుడు ఎగిరిన నిప్పురవ్వ ఒకటి మా అందరి కళ్ళు కప్పి తోపులోకి వెళ్ళి సంచుల నడుమ పడింది. ఆకులు రాజుకున్నాయి. మా బక్కెట్లు దూరంగా ఉన్నాయి. ఆ పిల్ల భుజాన ఉన్న టిఫిన్ డబ్బా విప్పి, అందులో ఏముందో చూసుకోకుండా గుమ్మరించింది. మజ్జిగ. నిప్పు చుయ్‌మని ఆరిపోయింది. కరివేపాకు, పచ్చిమిర్చి ముక్కలు ఆ సంచీ మీద నీట్‌గా వాలాయి.

పెద్దయ్య తొంగి చూసి, ‘‘తాలింపు కూడ అయ్యింది’’ అన్నాడు.

అంతే. మొదట ఆమె నవ్వింది, తర్వాత మేము, తర్వాత ఏం జరిగిందో తెలియకుండానే వేప కొమ్మల కుర్రాళ్ళు. నేను ఆనందం పట్టలేక పిల్లలతో కలిసి గంతులేశాను. రేంజ్ ఆఫీసర్లు గంతులేయకూడదని సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. మీసాల ఆఫీసరు బ్లోయర్ కుర్రాణ్ణి ఎత్తుకోబోయి, వాడి బరువు చూసి మానుకున్నాడు. ఎక్కడైనా రవ్వ మిగిలిందేమోనని కాలిన నేలంతా తడిమి, చేత్తో ముట్టి చూసి, వెనక్కి వచ్చేసరికి సాయంత్రమైంది.

షామియానా కింద ముఖ్య అతిథిగారు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. మసి పట్టిన మా మొహాలు చూసి కూడా, వాచీ చూసుకుంటూ, ‘‘డెమాన్‌స్ట్రేషన్ ఎప్పుడు స్టార్ట్ చేస్తరు?’’ అన్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. కాకపోతే మా ఇల్లు కాలలేదు కాబట్టి నాకు కోపం రాలేదు. ‘‘అయిపోయింది సార్, టీ తీసుకోండి’’ అన్నాను. పెద్దయ్య గీత గీసిన ఆ ఆకుల కుప్ప తివాచీ ముందు అట్లాగే ఉండిపోయింది.

వానాకాలం వచ్చింది, ఆమె సంచులన్నీ తూచింది. మజ్జిగ సంచీని మాత్రం లెక్కలోంచి తీసేయాల్సి వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది. దాంట్లో పురుగులు మిగతా అన్నిటికంటే సంబరంగా ఉన్నాయట.

ఆమె పరిశోధన పూర్తయి, అందరి ఎదుట ప్రశ్నలకు జవాబు చెప్పే రోజుకు నన్నూ పెద్దయ్యనూ పిలిచింది. అప్పటికి నేను రిటైరై తార్నాకకు వచ్చేశాను. ఆ పొద్దున పెద్దయ్య కోసం యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడ్డాను. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, నెత్తిన తన ఎత్తున్న గోనె బస్తాతో దిగాడు. గేటు దగ్గర మీసాల ఆఫీసరు ఆయన్ని గుర్తుపట్టి, బస్తా దించబోయి ఆశ్చర్యపోయాడు. బూరుగు దూదిలా తేలికగా ఉంది.

‘‘ఏమున్నది ఇందుల?’’

‘‘ఎండాకు’’ అన్నాడు పెద్దయ్య. ‘‘మా అడివిది. బస్సుల కండక్టర్ దీనికి లగేజ్ టికెట్ కొట్టిండు. గివి ఆకులు సారూ అంటే ఇనడు. పైనుంచి ఆకులకు టికెట్ కొనెటోన్ని నిన్నే చూసిన అన్నడు.’’

ఆమె బాగా చెప్పింది. అడిగిన ప్రశ్నలకు తడుముకోలేదు. వెనక వరసలో కూర్చున్న వాళ్ళ నాయన, ఆకులు తూయడం అయిపోయిందని ఖాయం చేసుకున్నాక గట్టిగా చప్పట్లు కొట్టాడు. అంతా అయ్యాక పెద్దయ్య బస్తా తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

‘‘ఇదేంది తాతా?’’

‘‘నాడు ఒక మూల ఊడ్చి ఖరాబ్ చేస్తిమి గద బిడ్డా. గా మూలకు తెచ్చిన.’’

వేరే అడవి ఆకు ఆమె చదువుకు ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు. పైగా చదువు ఆ పొద్దునే అయిపోయింది. ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ మాట అననే లేదు. కొత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని, బస్తా భుజాన వేసుకుని తోపు దాకా నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. ఆ మూల మోకాళ్ళ మీద కూర్చుని, నల్లమల ఆకులు చేతులతో పరిచింది, ఇక్కడ పలచగా, అక్కడ ఒత్తుగా.

పెద్దయ్య కాసేపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆయన కాళ్ళు ఒక చోట నిలవలేదు. గాలి ఎటు ఉందో చూశాడు. ఎండుగడ్డి వైపు చూశాడు. ఏదో అడగబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ పిల్ల చేతులు దులుపుకుని లేచింది. ఆనాటి నుంచీ అక్కడే వేప మొదలుకు ఆనించి ఉన్న పళ్ళ దంతె తెచ్చి ఆయన చేతికిచ్చింది.

‘‘గియ్యి తాతా’’ అంది.